వదిన తాళంచెవి

ఆ వానాకాలం మా ఇంట్లో మొదట మారింది నడవ గోడ రంగు.

నా గది నుంచి వంటింటికి వెళ్ళే ఇరుకు నడవ అది. ఆ గోడ మీద నా నడుం ఎత్తున, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, అరచేతి జాడ ఒకటి నల్లగా సాగి ఉండేది. చిన్నప్పుడు వచ్చిన జ్వరం నా కాళ్ళలో బలాన్ని తనతోపాటే పట్టుకుపోయింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ భుజం పట్టుకుని నడిచాను. అమ్మ పోయాక ఆ భుజం పని గోడకు అప్పజెప్పాను. గోడ ఏనాడూ విసుక్కోలేదు. అమ్మలా "కాస్త మెల్లిగా పట్టుకోవే, ఎముక విరుగుతుంది" అని కూడా అనలేదు. అందుకే నాకు గోడంటే అంత ఇష్టం ఉండేది కాదు.

సహాయ నిధి ఆఫీసు నుంచి మనిషి వస్తున్నారని తెలియగానే వదిన రంగు డబ్బా, బ్రష్షు మోసుకొచ్చింది. సెలవు రోజంతా స్టూలెక్కి దిగి, ఆ నడవకు తెల్లరంగు వేసింది. నా అరచేతి జాడ మీద రెండుసార్లు పూసింది.

"ఇప్పుడెందుకు వదినా ఈ హడావుడి?" అన్నాను.

"వచ్చినావిడ మనల్ని ఏమనుకుంటుంది? నాకు తెలీదూ, ఇలాంటివాళ్ళ కళ్ళన్నీ గోడల మీదే ఉంటాయి" అంది. ముక్కు మీద తెల్లచుక్క ఉంది. నేను చెప్పలేదు.

నాక్కావలసింది బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ. ఇంట్లో పాత కుర్చీ ఒకటుంది, ఎవరైనా తొయ్యాలి. తొయ్యడానికి అన్నయ్య ఉండాలి. అన్నయ్య లారీ డ్రైవరు. ఇంటికి చుట్టం చూపుగా వస్తాడు, వచ్చినప్పుడు నిద్రపోతాడు. నేనే చక్రాలు తిప్పుకుందామంటే ఏళ్ళ తరబడి మిషను తొక్కలేక చేత్తో తిప్పిన భుజాలు, వీధి మలుపు రాకముందే మొరాయిస్తాయి. బ్యాటరీ కుర్చీ తప్పదని డాక్టరు రాసిచ్చాడు. మా ముగ్గురి సంపాదన కలిపినా అది కొనే తాహతు లేదు. సహాయ నిధివాళ్ళు ఇంటికొచ్చి చూసి, అవసరమని ఒప్పుకుంటే వాళ్ళే కొనిస్తారు.

ఆ కుర్చీ వస్తే ఎక్కడికెళ్ళాలో నాకు బాగా తెలుసు. మా వీధి చివర కత్తెర మాస్టారి దుకాణం ఉంది. బట్టలు సరిచేసే దుకాణం. జిప్పులు మార్చడం, పొడుగులు తగ్గించడం, నడుములు బిగించడం. ఆ పనిలో సగం నేనే చేసేదాన్ని, ఇంట్లో కూర్చుని. వదిన పొద్దున మూట ఇచ్చేసి, సాయంత్రం ఇంకో మూట తెచ్చేది. ఆ బట్టల మనుషుల్ని నేను ఒక్కరినీ చూడలేదు. ఒకాయన ప్యాంట్లు వచ్చిన ప్రతిసారీ నడుం దగ్గర లోపలికి కుట్టాల్సి వచ్చేది. ఆయన చిక్కిపోతున్నాడని ఊళ్ళో నాకే ముందు తెలిసుంటుంది. ఎందుకని అడగడానికి మాత్రం మనిషి ఉండడు, ప్యాంటే ఉంటుంది. పొద్దున వదిన వెళ్ళింది మొదలు సాయంత్రం వచ్చేదాకా నా గొంతు నేనే వినేదాన్ని కాదు. ఒక్కోరోజు వదిన రాగానే మాట్లాడబోతే గొంతు పెగిలేది కాదు, దగ్గాల్సి వచ్చేది.

మాస్టారు వదినతో కబురు పంపాడు. "నీ ఆడపడుచు రాగలిగితే కిటికీ పక్క మిషను ఆమెదే. ఈ వానాకాలం దాకా ఆపగలను. తర్వాత చలిబట్టల పని వచ్చి పడుతుంది, ఇంకొకరిని పెట్టుకోక తప్పదు నాకు" అని. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సహించలేదు. దుకాణంలో నలుగురు పని చేస్తారట. పొద్దస్తమానం కబుర్లేనట. వదిన ఆ మాట ఫిర్యాదు చేసినట్టు చెప్పింది. నేను నోరూరేలా విన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో ఎవరైనా ఉంటే నేను గోడ పట్టుకుని నడిచేదాన్ని. ఎవరూ లేనప్పుడు నడిచేదాన్ని కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు పడితే లేపే దిక్కుండదు, మోకాళ్ళు ఎప్పుడు మడత పడతాయో నాకే తెలీదు. అందుకని కుట్టగా మిగిలిన పీలికలన్నీ కలిపి మందంగా ఒక బొంత కుట్టుకున్నాను. దాని మీద కూర్చుని, చేతులు నేలకు ఆనించి, ఒళ్ళు ఈడ్చుకుంటూ వంటింటికి, బాత్రూముకు వెళ్ళేదాన్ని. ఆ బొంతను మిషను కింద పెట్టేదాన్ని. నూనె కారకుండా వేశానని చెప్పేదాన్ని. అన్నయ్యకు తెలీదు, వదినకు తెలీదు. తెలియనివ్వలేదు. నలభై దాటిన మనిషిని, పాకుతూ కనబడటం నాకిష్టం లేదు.

ఎలా తెలియకుండా ఉందంటే అది వదిన మతిమరుపు చలవ. మా వదిన ఒక పెద్ద దుకాణంలో ఫిర్యాదుల బల్ల దగ్గర పని చేస్తుంది. చిరిగిన చెప్పు తెచ్చినవాడూ, పాడైన ఇస్త్రీపెట్టె తెచ్చినవాడూ ఆవిడనే తిడతారు. రోజంతా నవ్వుతూ తిట్లు తిని వస్తుంది కదా, ఇంటికొచ్చేసరికి బుర్ర పనిచేయదని నేననుకునేదాన్ని. గేటు చప్పుడవుతుంది. తర్వాత గుమ్మం దగ్గర సంచి గలగలలు మొదలవుతాయి. "ఈ తాళంచెవి ఎక్కడ చచ్చిందో! రోజూ ఇదే గోల!" అని ఇల్లెగిరేలా అరుస్తుంది. ఈలోగా నేను మిషను పట్టుకుని లేచి, బొంత కిందికి తోసి, కుర్చీలో కూర్చుని, చేతిలోకి ఏదో ప్యాంటు తీసుకునేదాన్ని. ఆవిడ తలుపు తీసి వచ్చేసరికి నేను బుద్ధిమంతురాలిలా సూదిలో దారం ఎక్కిస్తూ ఉండేదాన్ని.

"ఆ సంచిలో తాళంచెవికి వేరే జేబు కుట్టిస్తానుండు" అంటే, "ముందు చేతిలో పని చూడు" అని కసిరేది.

ఆఫీసావిడ చెప్పిన రోజు చెప్పిన వేళకు వచ్చింది. వదిన సెలవు పెట్టింది. నేను నా చేత్తో కుట్టుకున్న వాటిలో మంచివి వేసుకున్నాను. తల నున్నగా దువ్వుకున్నాను. గంట మోగగానే వదిన వంటింట్లోంచి వచ్చేలోగా నేనే లేచాను. కొత్తరంగు గోడ జారుతోంది. అయినా పట్టుకుని వెళ్ళి తలుపు తీశాను. అంతటితో ఆగానా? "అంత దూరం నుంచి వచ్చారు, కూర్చోండి" అని మళ్ళీ వంటింటిదాకా వెళ్ళి, ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కప్పు పట్టుకుని టీ తెచ్చాను. ఒక్క చుక్క ఒలకలేదు. నా జీవితంలో అంత బాగా నేనెప్పుడూ నడవలేదు.

"మీరు భలే చలాకీగా ఉన్నారే!" అంది ఆవిడ.

నేను పొంగిపోయాను.

"ఇల్లు అద్దంలా పెట్టుకున్నారు" అంది మళ్ళీ, నడవ వైపు చూసి. వదిన కూడా పొంగిపోయింది. ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగితే, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, "అబ్బే, ఏం లేవండీ, ఎలాగో నెట్టుకొస్తున్నాం" అన్నాం. ఇంటికొచ్చిన మనిషి ముందు ఇంకేమంటాం? ఆవిడ రాసుకుంది. గుమ్మందాకా సాగనంపాను కూడా. ఆ తర్వాత వారమంతా మంచం దిగలేదు. తొడల్లో నరాలు ముడిపడిపోయినట్టు ఒకటే బాధ. అయినా మనసులో దర్జాగానే ఉంది.

జవాబు వచ్చేసరికి వానలు బాగా పట్టాయి. ఆసరాతో ఇంట్లో చక్కగా తిరగగలుగుతున్నాను గనక బ్యాటరీ కుర్చీ అవసరం కనబడలేదట. నా భద్రత కోసం చేతికర్ర ఒకటి మంజూరు చేశారట. వెనకాలే చేతికర్ర వచ్చింది. పొడుగాటి అట్టపెట్టెలో, మెత్తటి కాగితం చుట్టి. వదిన దాన్ని విప్పి చూసి, తీసుకెళ్ళి తలుపు వెనక పెట్టింది. తర్వాత దానితో బూజు దులిపేది.

అన్నయ్య ఏ దారిలోనో లారీ ఆపి ఫోన్ చేశాడు. సంగతి విని ఒకటే నవ్వు.

"ఏమే సూదమ్మా, నువ్వు నడవలేవని చెప్పడానికి నడిచి వెళ్ళి తలుపు తీశావా?" నా మిషను పని చూసి వాడు పెట్టిన పేరది.

"నవ్వుకో. నీదేం పోయింది?"

"సరే విను. మళ్ళీ చూడమని రాద్దాం. ఈసారి వాళ్ళొచ్చినప్పుడు మంచం మీద పడుకుని మూలుగు. నోరు వంకర పెట్టు. టీ గీ అన్నావంటే ఊరుకోను."

"నాకు నటించడం రాదు."

"రాకేమే! మొన్న చేసిందేంటి మరి?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. వాడు వేళాకోళానికే అన్నాడు. కానీ నిజమే కదా. అమ్మ పోయినప్పటి నుంచీ రోజూ సాయంత్రం గేటు చప్పుడు కాగానే నేను చేస్తున్నది అదే.

మళ్ళీ చూడమని రాశాం. వానలు కురుస్తూనే ఉన్నాయి. ఆ రోజుల్లో నాకు ఏ పనీ నచ్చలేదు. మిషను ఆపితే వాన చప్పుడు, వాన ఆగితే మిషను చప్పుడు. చిక్కిపోతున్న ఆయన ప్యాంటు రావడం మానేసింది. బాగుపడ్డాడో, ఇంకేమైనా అయిందో. వదినను అడిగితే, "నాకేం తెలుసు, నేను మూట మోసేదాన్ని" అంది. దుకాణానికి వెళ్ళే మనిషి నేనైతే ఎవరో ఒకరు చెప్పేవారు కదా అనిపించి కళ్ళనీళ్ళు వచ్చాయి. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఏడవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తెల్లగోడ మీద నా అరచేతి జాడ మళ్ళీ సన్నగా మొదలైంది.

రెండోసారి వచ్చినామె వయసులో చిన్నది. వానలో తడిసి వచ్చింది. సంచిలోంచి కొలతల టేపు తీసి ముందు గుమ్మం కొలిచింది, మెట్టు కొలిచింది. అన్నయ్య ఊళ్ళో లేడు. వదిన నా పక్కనే ఉంది. నేను మంచం మీద పడుకోలేదు, మూలగలేదు. మిషను ముందు రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. ఈసారి టీ వదిన తెచ్చింది.

"ఇంట్లో మీతో ఎవరుంటారు పగలు?" అందామె.

"ఎవరూ ఉండరండీ."

"అయితే ఇప్పుడు కూడా ఎవరూ లేరనుకోండి. మీకు దాహం వేసింది. ఏం చేస్తారో చూపించండి. తొందరేం లేదు."

నేను గోడ వైపు చూశాను. లేచి గోడ పట్టుకోవడం ఎంతసేపు? చెయ్యి దానంతటదే లేచింది కూడా. ఆ చెయ్యి దించడానికి నాకు చాలా కష్టమైంది.

"వదినా, నువ్వోసారి మాస్టారి దుకాణందాకా వెళ్ళిరా. ఆ నీలం కోటు ఇచ్చెయ్యాలి."

"ఈ వానలోనా?" అంది వదిన. తర్వాత నా మొహం చూసింది. గొంతు తగ్గించింది. "నేనెక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటా. చూడన్లే."

వెళ్ళి కిటికీ దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడింది.

నేను కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాను. మిషను కింద నుంచి బొంత లాగి కింద వేసుకున్నాను. అరచేతులు ఆనించి ఒళ్ళు ముందుకు లాక్కున్నాను. రోజూ చేసే పనే, కానీ ఆ వేళ నడవ తరిగితే ఒట్టు. చెవులు వేడెక్కిపోయాయి. వెనకాల ఆమె చెప్పుల్లేని కాళ్ళతో మెల్లిగా వస్తోంది. ఒక్క మాటా అనలేదు, అయ్యో అనలేదు, అందుకు ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. వంటింట్లో కింది అరలోంచి గ్లాసు తీసుకున్నాను. కింద పెట్టిన బిందెలోంచి నీళ్ళు ముంచుకున్నాను. నిజంగానే దాహంగా ఉంది. తాగాను.

"మొదటిసారి వచ్చినావిడకు ఇది చూపించలేదా?" అని అడిగింది, నా పక్కన నేల మీద కూర్చుంటూ.

"ఇంటికొచ్చిన మనిషికి ఇదెలా చూపిస్తామండీ?" అన్నాను.

ఆమె నా అరచేతుల్లో కాయలు చూసింది, నా భుజం కదిపి చూసింది, వంటింటి గుమ్మం వెడల్పు కొలుచుకుంది. వెళ్ళేటప్పుడు, "పై వాళ్ళు ఒప్పుకోవాలి, నా చేతిలో ఏం లేదు. కానీ నేను చూసింది చూసినట్టే రాస్తాను" అంది. వదిన అప్పటికీ కిటికీ దగ్గరే ఉంది. బయట వాన వెలిసి చాలాసేపైంది.

ఆ రాత్రి వదినా నేనూ ఆ సంగతి ఎత్తలేదు. అన్నం తిన్నాం, గిన్నెలు సర్దుకున్నాం, పడుకున్నాం.

మర్నాడు సాయంత్రం నేను వంటింట్లోంచి నీళ్ళు తాగి వస్తున్నాను, నడవ మధ్యలో ఉన్నాను, బొంత మీద. గేటు చప్పుడైంది. ఫరవాలేదు, టైముంది అనుకున్నాను. చేతులు ఆనించాను. సంచి గలగలలు వినబడలేదు. అరుపు లేదు. తాళం టక్కున తిరిగింది, తలుపు తెరుచుకుంది, వదిన ఎదురుగా నిలబడి ఉంది.

నేను నడవలో అలాగే కూర్చుండిపోయాను. ఏదో ఒకటి అనాలి.

"ఇవాళ తాళంచెవి తొందరగా దొరికిందే?" అన్నాను.

వదిన చెప్పులు విడిచింది. "ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది" అంది.

సంచి గోడకు ఆనించి, నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. నేను అక్కడే కూర్చుని ఆ కింది అర గురించి ఆలోచించాను. గ్లాసులూ డబ్బాలూ కిందికి ఎప్పుడు దిగాయో గుర్తు రాలేదు. నడుం వంగితే ఒంటికి మంచిదని ఏదో చెప్పి వదినే సర్దినట్టుంది. రోజూ పనికి వెళ్ళే ముందు నడవ రెండుసార్లు ఊడ్చేది. శుభ్రం పిచ్చి అని అన్నయ్యా నేనూ ఎంత ఏడిపించామో! వదిన రెండు కప్పులు పట్టుకొచ్చి, నా పక్కన నేల మీద, తెల్లగోడకు ఆనుకుని కూర్చుంది.

"మరి మొదటావిడ వచ్చినప్పుడు చెప్పొచ్చుగా?" అన్నాను.

"నువ్వు అంత కష్టపడి దాచుకుంటే, నేనెలా చెప్పను?" అంది.

టీ తాగాం.

కుర్చీ మంజూరైంది. వానలు వెనకబట్టే రోజుల్లో వచ్చింది, దానితోపాటు గుమ్మం మెట్టు మీద వెయ్యడానికి వాలుబల్ల కూడా. అన్నయ్య ఆ కుర్చీలో తనే ముందు కూర్చుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, "లారీ కంటే నయమే!" అన్నాడు. మాస్టారు మాట నిలబెట్టుకున్నాడు. కిటికీ పక్క మిషను నాదైంది.

నేననుకున్నంత సులువుగా ఏమీ లేదు. ఆ నలుగురూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తున్నవాళ్ళు, వాళ్ళ మాటలకు ముందూ వెనకా నాకు తెలీదు. అందరూ నవ్వాక, ఎందుకు నవ్వారో ఆలోచిస్తూ నేనొక్కదాన్నే ఆలస్యంగా నవ్వేదాన్ని. నా గదిలో కంటే అక్కడే ఎక్కువ ఒంటరిగా అనిపించిన రోజులున్నాయి. చిక్కిపోతున్న ఆయన సంగతి మాత్రం అడిగాను. ఆయనకు ఇప్పుడు ఒళ్ళొచ్చిందట, పాత కుట్లు విప్పించుకోవడానికి వస్తానన్నాడట. నాకు ఆ రోజంతా పని తేలికగా సాగింది.

ఒకనాడు పని ఎక్కువుండి సాయంత్రం ఆలస్యంగా బయల్దేరాను. కుర్చీ చప్పుడు చేయదు. గేటు తీసే ఉంది. వాలుబల్ల ఎక్కి గుమ్మం ముందు ఆగాను. తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను. పక్కనే కిటికీ తలుపు ఓరగా ఉంది, నడవ కనబడుతోంది.

వదిన నడవలో నేల మీద కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులైనా విప్పలేదు. గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని, "మీరు చెప్పేది అర్థమైందండీ. క్షమించండి. అర్థమైందండీ" అని తనలో తను అంటోంది. ఫిర్యాదుల బల్ల దగ్గర పగలంతా అన్న మాటలే, నవ్వు మాత్రం లేదు. తర్వాత మొహం మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఏనాడూ ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టలేదు. మొదట అమ్మ ఉండేది, ఆ తర్వాత నేను. సూదిలో దారం ఎక్కిస్తూ, కబుర్ల కోసం కాచుకుని. రాగానే ఆవిడ నాతో మాట్లాడాలి, కసరాలి, టీ పెట్టాలి. తలుపు వేసుకుని ఏడవడానికి ఒక నడవ దొరకడం ఆవిడకి ఇన్నేళ్ళలో ఇదే మొదలు. నాకు ఈ సంగతి తట్టనే లేదు.

తాళంచెవి నా అరచేతిలోనే ఉంది. దాన్ని పిడికిట్లో బిగించి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి, గేటుదాకా వెళ్ళాను. గేటును చప్పుడయ్యేలా వేశాను. మళ్ళీ గుమ్మం ముందుకొచ్చి, సంచి ఒళ్ళో పెట్టుకుని, అందులోని కత్తెరా, టేపూ, బొత్తాల డబ్బా గలగలమనేలా కలియబెట్టాను.

"ఈ తాళంచెవి ఎక్కడ చచ్చిందో! రోజూ ఇదే గోల!" అని ఇల్లెగిరేలా అరిచాను.